పేపర్లు దిద్దిన మా పక్కింటి టీచరమ్మ

ముందుగా మీరు నన్ను క్షమించాలి. నా రాత కోడి కెలికినట్టు ఉంటుంది. ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడ పడాలో నాకు సరిగ్గా తెలీదు. ఆనందపురం అవతల మా ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివి, ఆ తర్వాత ఓడరేవు పనికి వచ్చేశాను. తప్పులుంటే టైపు చేసేవాళ్లు దిద్దుకోండి. దిద్దే మనిషి మొన్న మంగళవారం పొద్దున పోయింది.

అప్పుడు నేను పెరట్లో పళ్లు తోముకుంటున్నాను. మా ఆవిడ గోడ దగ్గర నుంచి వచ్చి, "టీచరమ్మ పోనాదట. ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది. గుండె" అంది. నేను నోరు పుక్కిలించి, బ్రష్షు కడిగి డబ్బాలో పెట్టాను. తర్వాత ఏం చెయ్యాలో తోచక మళ్లీ తీసి దాన్నే కడిగాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. మా ఆవిడ నా మొహంలోకి చూసి, "ఓలమ్మ, కూకో" అంది. కూర్చున్నాను.

టీచరమ్మ దగ్గర పేపర్లు రాయడం నేర్చుకున్న మీరంతా కలిసి ఈ చిన్న పుస్తకం వేస్తున్నారని, నన్నూ నాలుగు ముక్కలు రాయమని అడిగారు. మీలో చాలామంది మొహాలు నాకు తెలుసు, పేర్లు తెలీవు. కొత్తగా చదివేవాళ్ల కోసం చెబుతాను. మల్కాపురంలో మాది, వాళ్లది ఒకే గోడ. వాళ్ల నాన్నగారు గోదావరి వైపు నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చారు. ఆవిడ కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయింది. ఆ తర్వాత ఆదివారాలు పొద్దున్న, పరిశోధన చేసే పిల్లల్ని వరండాలో కూర్చోబెట్టుకుని, వాళ్ల పని విదేశీ పత్రికలకు పంపేలా ఇంగ్లీషులో ఎలా రాయాలో నేర్పేది. ఆ పేపరు అచ్చయితేనే వాళ్లకు డాక్టరేటు దగ్గర పడుతుందట.

నేను అక్కడికి ఎలా చేరానంటే, ఒక ఆదివారం ఆవిడ గోడ మీద నుంచి పిలిచింది. "బాబాయిగారూ, ఓ పావుగంట ఇలా వచ్చి కూర్చుంటారా?"

"నానేటి సెయ్యాలమ్మా?"

"ఏం చెయ్యక్కర్లేదండి. వింటే చాలు."

పెందుర్తి నుంచి వచ్చే కుర్రాడొకడు ఉన్నాడు. ఓడరేవు నీళ్లలో ఇనుము ఎలా తుప్పు పడుతుందో చూస్తున్నాడట. ఆవిడ అతనితో, "నాకు కాదు, ఆయనకి చెప్పు. తెలుగులో చెప్పు. తర్వాత రాద్దువు గాని" అంది. ఆ అబ్బాయి మొదలుపెట్టాడు. తెలుగు మాట ఒకటి, ఇంగ్లీషు మాటలు పది. చదువుకున్న పిల్లడు కదా, నేను మర్యాదగా తల ఊపుతూ కూర్చున్నాను. మధ్యలో ఆవిడ ఆపి, "ఏం అర్థమైందండీ బాబాయిగారూ?" అని అడిగింది.

"ఇనుమమ్మా... ఇనుము గురించే... బాబు బాగా సెప్తన్నాడు" అన్నాను.

అందరూ నవ్వారు. ఆ అబ్బాయీ నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. "మీరు మర్యాదకి తల ఊపితే వాడు గట్టెక్కేశాననుకుంటాడండి. అక్కడెక్కడో కూర్చుని చదివేవాడికి మన మర్యాదలు తెలీవు. అర్థం కాకపోతే వెనక్కి పంపించేస్తాడు. సరే, మీ ఇంట్లో ఎవరైనా తిరుగుడు మాటలు మాట్లాడితే మీరేమంటారు?"

"అయితే ఏటి, అంతానమ్మా."

"అదే అడగండి."

అడిగాను. ఆ అబ్బాయి నా వైపు తిరిగి, "అంటే తాతగారూ, నీళ్లు ఎక్కేచోట, దిగేచోట ఇనుము ముందు పోతుంది. ఎప్పుడూ మునిగే ఉన్నచోట నిదానంగా పోతుంది. రంగు అక్కడ ఎక్కువ వెయ్యాలి" అన్నాడు. ఆవిడ పెన్సిలు అతని చేతిలో పెట్టి, "ఇదే మొదటి ముక్క. రాయి" అంది. నాకేదో తెలిసి అడిగానని అనుకోకండి. నాకు వచ్చిన మాట అదొక్కటే.

అప్పట్నుంచి ఆదివారాలు నా కుర్చీ నాకుండేది. పిల్లలు నన్ను 'అయితే ఏటి తాత' అనేవారు. మా ఆవిడ ఊరుకుంటుందా? "ఏటి, ఆదివారం వచ్చిందంటే తల దువ్వుకుంతన్నావు. నీకూ డాట్రేటు ఇచ్చేత్తారేటి?" అనేది. ఈ మాట గోడ అవతలికి వినపడి టీచరమ్మ గట్టిగా నవ్వేది.

ఆవిడ ఎర్ర సిరా ముట్టుకునేది కాదు. రాసిన కాగితం పట్టుకుని వరండాలో అటూ ఇటూ నడుస్తూ పైకి చదివేది. వాక్యం ఇంకా ఉండగానే ఊపిరి అయిపోతే అక్కడ ఆగి, "ఇక్కడ చుక్క పెట్టు, నా ప్రాణం తియ్యకు" అనేది. టీ ఎప్పుడూ చల్లారిపోయేది, అలాగే తాగేది. ఎవరైనా మరీ అందమైన ఇంగ్లీషు రాసుకొస్తే కళ్లద్దాలు పైకి నెట్టేది.

"ఈ కూర మీ ఇంట్లో వండింది కాదు. ఎవరింటి నుంచి తెచ్చావ్?"

"అందరూ అలాగే రాస్తారు మేడం."

"అందరూ రాసేశాక మళ్లీ నువ్వెందుకమ్మా? నీకొచ్చిన ఇంగ్లీషులో పప్పన్నం పెట్టు. తింటారు."

మన పిల్లలు చేసే తప్పు ఇంకొకటుందని ఆవిడ అనేది. పెద్దల మాట ముందు పెట్టి తమ మాట చివర దాచుకుంటారట. అలా దాచుకున్న పిల్ల గురించే నేను ఇక్కడ రాయాలనుకున్నది. ఇంతసేపూ దారి పట్టలేదు.

ఈ అమ్మాయి చేపల వేటకెళ్లే ఇంటి పిల్ల. తండ్రి ఇంకా పడవ మీదే ఉన్నాడు. పడవలొచ్చే వేళకి వెళ్లి కవళ్ల చేపలు తెచ్చి, కడుపు కోసి గుడ్లు చూసి రాసుకుంటుంది. అవి గుడ్లు పెట్టే కాలం ముందుకు జరిగిందని తేలింది. ఆ కాలం ఎప్పుడో అంతకుముందు లెక్క కట్టి రాసిందేమో ఆ అమ్మాయికి చదువు చెప్పే గైడుగారే. అందుకని ఆయన పాత పేపరుని మొదట పొగిడి, తను కనిపెట్టింది ఆఖరి పేజీలో ఒక మూల పెట్టింది. పత్రికవాళ్లు, నువ్వేం చెబుతున్నావో తెలియడం లేదు, నెలాఖరులోగా మళ్లీ రాసి పంపు అన్నారు. ఇంకోసారి చూడరట. ఇది పోతే డాక్టరేటు గడువు కూడా దాటిపోతుందట.

టీచరమ్మ ఆఖరి ఆదివారం ఆ అమ్మాయితో, "గైడుగారిని నువ్వు తిట్టడం లేదమ్మాయ్. ఆయన చూసినప్పుడు అలా ఉంది, నువ్వు చూసినప్పుడు ఇలా ఉంది. అంతే కదా? వచ్చేవారం మొదటి పేజీ తిరగరాద్దాం" అంది. వచ్చేవారం రాలేదు.

బుధవారం ఆవిణ్ణి తీసుకెళ్లారు. వీధి నిండా మీరే. నేను అద్దె కుర్చీలు వేశాను, తీశాను. ఎవరో "మీరు ఏమవుతారు?" అని అడిగితే "పక్కింటోణ్ణి" అన్నాను. ఇంటికొచ్చి అన్నం తిన్నాను. రుచి తెలీలేదు, ఉప్పు వేశావా అని మా ఆవిణ్ణి అడిగాను.

ఈ ఆదివారం ఆ అమ్మాయి వచ్చింది. పక్కింటికి తాళం వేసి ఉంది, అందుకని మా అరుగు మీద కూర్చుంది.

"నాకు ఇంగిలీసు రాదమ్మా. టీచరమ్మ పని నానెలా సేత్తాను?" అన్నాను.

"నువ్వేటీ సెయ్యొద్దు తాతా. ఇను సాలు" అని, కాగితం చూడకుండా చెప్పింది. "కవళ్లు ముందే గుడ్లెడతన్నాయి. మా సార్ సూసినప్పుడు నిజమే. ఇప్పుడు కాదు."

"మరి రాసీ."

రాసింది. పైకి చదివింది. రిఫైనరీ వైపు నుంచి లారీల చప్పుడు వస్తుంటే ఆగి, మళ్లీ మొదట్నుంచి చదివింది. కానీ అది సరైన ఇంగ్లీషో కాదో నాకు తెలీదు. తెలుగు దాకానే నేను. అక్కడి నుంచి ఆవిడ.

మీరందరూ ఆవిడ చేతి కింద రాసినవాళ్లే. ఇప్పుడు పెద్ద ఉద్యోగాల్లో ఉన్నారు, తీరిక ఉండదని తెలుసు. ఆవిడ గురించి మంచి మాటలు రాశారని విన్నాను, సంతోషం. అయితే నెలాఖరు దగ్గర పడుతోంది. మీలో ఎవరైనా ఒక ఆదివారం వచ్చి ఆ కాగితాలు చూస్తారా? మా ఇంట్లో భోంచేద్దురు గాని.

ఇది రాస్తున్నప్పుడు కూడా ఆ అమ్మాయి అరుగు మీదే ఉంది. మా ఆవిడ అన్నానికి పిలిస్తే, వస్తన్నాను మామ్మా అంది గానీ లేవలేదు. మొదటి పేజీ ఒళ్లో పెట్టుకుని, ఎగిరిపోకుండా రెండు చేతులూ దాని మీద ఆనించి, వీధి వైపు చూస్తోంది. త్వరగా జవాబు రాయండి.