కుండీలో గచ్చు

రెండు వేల ఇరవై రెండు, ఎండాకాలం చివరి రోజులు. వికారాబాద్ నుంచి తాండూరు పోయే రోడ్డు పక్కన నా నర్సరీ. గ్రీన్ నెట్ కింద నిలబడి గులాబీ కొమ్మలు కత్తిరిస్తుంటే, తాండూరు బస్సు దిగి ఒకామె తిన్నగా నా దగ్గరికే వచ్చింది. కొంగు ముడి విప్పి, అందులోంచి ఒక నిమ్మాకు తీసి నా చేతిలో పెట్టింది.

"చెల్లె, గీ ఆకు జూసి చెప్పు. చెట్టు బతుకుతదా, సస్తదా?"

ఆకంతా పసుపు, ఈనెలు మాత్రం పచ్చ. దీన్ని మా పనిలో క్లోరోసిస్ అంటారు. ఆకుకు పచ్చదనం రావాలంటే ఇనుము కావాలి, అది అందకపోతే లేత ఆకులు ముందుగా ఇలా పాలిపోతాయి. ఐరన్ మందు కొట్టారా అని అడిగాను.

"కొట్టినం. ఓ వారం పచ్చగయితది, మళ్ల గిట్లనే. నిమ్మ ఒక్కటే గాదు, మల్లె, గులాబీలు, అన్నీ గిట్లనే ఉన్నయి."

ఆమె పేరు సుగుణమ్మ. భర్త ప్రకాశం, బండలు పరిచే మేస్త్రి. తాండూరులో ఎన్నో ఇళ్లల్లో జనం నడిచేది ఆయన పరిచిన నాపరాతి బండల మీదే. ఆ బండలు మోసీ మోసీ నడుం పోయింది. ఇక బరువు ఎత్తవద్దన్నారు డాక్టర్లు. కూర్చోబెట్టి తిండి పెట్టినా తినలేని మనిషాయన, పని లేకపోతే అన్నం సయించదు.

"గోడ దిక్కు మొకం పెట్టి పండుకుంటుండె," అంది సుగుణమ్మ. "చర్చికి రమ్మంటె రాకపోతుండె. మిద్దె మీద కుండీలు పెట్టినంకనే జర మనిషయిండు. పొద్దుగాల్నే నీళ్లు పోయనీకి పైకెక్కుతుండె. ఇప్పుడు అన్నీ పసుపు పట్టెసరికి మళ్ల పండుకున్నడు. నా చెయ్యే మంచిది గాదు, ఏది ముట్టినా గిట్లనే అయితది అంటుండు."

"కొత్త మొక్కలు తీస్కపోతవా మరి?"

"కొత్తయి నాకెందుకు చెల్లె? గా చెట్లే బతకాలె. అవి సస్తె గాయన చెయ్యి మంచిది గాదన్న మాట నిజమైతది. ఇగ నా మనిషి లేవడు."

కస్టమర్ల ఇళ్లకు పోవడం నా అలవాటు కాదు. ఒకరింటికి పోతే వాడకట్టంతా పిలుస్తుంది, ఇక్కడ మొక్కలకు నీళ్లెవరు పోస్తారు? పైగా నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. వాళ్లు చేసిన తప్పులు చూసి నోరు జారితే మళ్లీ అదో తంటా. అయినా ఆమె అలా అన్నాక, రేపు మీ ఇంటికే వచ్చి చూస్తానన్నాను.

మరుసటి రోజు ఆటోలో పాటింగ్ మిక్స్ బస్తాలు వేసుకుని బయల్దేరాను. పాటింగ్ మిక్స్ అంటే కుండీ కోసం కలిపిన మట్టి. చేనులో మట్టి చేనుకే బాగుంటుంది, కుండీలో అది గట్టిపడి వేళ్లకు గాలి ఆడనివ్వదు. నేను మా వైపు ఎర్రమట్టిలో దొడ్డు ఇసుక, కొబ్బరి పొట్టు, మాగిన ఎరువు, గుప్పెడు వేపపిండి కలుపుతాను. ఎరువంటే గొర్రెల ఎరువే. మా నాన్న మర్పల్లి వైపు గొర్రెలు కాసేవాడు. ఆయన మంద ఒక రాత్రి తమ చేలో పడుకుంటే చాలని రైతులు బతిమాలుకునేవాళ్లు. ఆ ఎరువు మీద నాకున్న నమ్మకం అక్కడిది. ఏ మొక్క చిగురు వేసినా మనసులో ముందుగా ఆయనకే దండం పెట్టుకుంటాను.

ప్రకాశం అన్న మంచం మీద పడుకుని ఉన్నాడు. నన్ను చూసి లేచి కూర్చున్నాడు గానీ, మొహంలో సంతోషం లేదు.

"ఈమెకు పని లేదు, నిన్ను పరేషాన్ జేసింది. గవి పోయిన చెట్లమ్మా. మట్టి వేస్టు జేస్కోకు."

"పోయినయో లేదో నేను జూస్త గని, జర పైకి రా అన్నా. నీ కుండీలు నీ ముంగటనే కదిలిస్త. లేకుంటె రేపు నా మీదనే చెప్తవ్," అన్నాను.

ఆయన నవ్వలేదు గానీ, గోడ పట్టుకుని మెల్లగా మెట్లెక్కాడు. పైన కుండీలన్నీ ఒకే వరుసలో, తాడు పట్టి పెట్టినట్టుగా ఉన్నాయి. నిమ్మ కుండీని పక్కకు ఒరగబెట్టి, అంచుల చుట్టూ తట్టి, చెట్టును మట్టితో సహా బయటికి లాగాను. వేళ్లతో కలిసి వచ్చే ఆ మట్టి ముద్దను రూట్ బాల్ అంటారు. అసలు రోగం సాధారణంగా అక్కడే కనిపిస్తుంది.

 అడుగున జానెడు మందాన నాపరాతి ముక్కలు. వాటి మీద, బండలు కోసే మిషన్ల దగ్గర పారబోసే తెల్ల బురదను ఎండబెట్టి వేసిన పొర. ఆపైన బషీరాబాద్ నుంచి బామ్మర్ది పంపిన నల్లరేగడి. ప్రతి పొరనూ తడిపి, చెక్కతో కొట్టి, మట్టం చేశాడు. వేళ్లన్నీ పైపొరలోనే చుట్టలు చుట్టుకుని ఉన్నాయి, కింది మట్టి కుళ్లిన వాసన కొడుతోంది.

"గిట్లెందుకు వేసినవ్ అన్నా?"

"మరెట్లేస్తరు? కింద కంకర, మీద పొడి, దిమ్మిస గొట్టి గట్టిగ జేస్తనే గద ఏదైనా కదలకుంట కూసుంటది. నల్లమట్టి పగుల్లిస్తదని నడుమల రాతిపొడి ఏసిన."

ఇల్లంతా గచ్చు వేసిన మనిషి కుండీలో కూడా గచ్చే వేశాడు. బండ కదలకుండా ఉండాలంటే చేయాల్సినవన్నీ ఏ లోపం లేకుండా చేశాడు. పాపం, వేరుకు కావలసింది మాత్రం కదలడానికి చోటు.

అడుగున రాళ్లు వేస్తే నీళ్లు బాగా దిగుతాయని చాలామంది అనుకుంటారు. నిజానికి దొడ్డు రాళ్ల మీద సన్న మట్టి ఉంటే, నీళ్లు ఆ రెండూ కలిసే చోటే ఆగిపోతాయి. తడి స్పాంజిని గులకరాళ్ల మీద పెడితే నీళ్లు స్పాంజిలోనే ఉండిపోతాయి కదా, అలాగే. ఆ సంగతి చెప్పడం తేలికే. రెండో సంగతే కష్టం. నాపరాయంటే సున్నపురాయి. అది కలిస్తే మట్టి పి.హెచ్. పెరుగుతుంది. మట్టిలో పులుపెంతో, సున్నమెంతో చెప్పే కొలత అది. సున్నం ఎక్కువైన మట్టిలో ఇనుమున్నా వేరుకు అందదు. ఇంట్లో బియ్యం ఉండి తాళం చెవి పోయినట్టు. అందుకే ఎన్ని మందులు కొట్టినా ఆకు మళ్లీ పసుపుకే తిరిగింది.

కానీ బతుకంతా ఆ రాతితోనే గడిపిన మనిషికి, నీ రాయే నీ చెట్లను చంపుతోందని ఎలా చెప్పాలి? అప్పటికే ఆయన తన చేతుల మీద నమ్మకం వదిలేసుకున్నాడు.  ఏదో ఒకటి మాట్లాడాలని చుట్టూ చూశాను. మిద్దె మీద పరిచిన బండలు అద్దంలా ఉన్నాయి, ఒక్క మూల మాత్రం తెల్లటి మచ్చలు కనబడ్డాయి.

"నువ్వే పరిచినవా అన్నా? గా మూలకు గట్లయిందేంది?"

"గది ఈమె పని," అన్నాడు సుగుణమ్మ వైపు చూస్తూ. మొదటిసారి ఆయన గొంతులో ఉషారు వినిపించింది. "నిమ్మకాయ తొక్కు ఈడనే కలుపుతది. మన బండకు పులుపు పడదు చెల్లె. నిమ్మరసం గాని, చింతపండు గాని పడ్డదంటె పాలిష్ లేసిపోతది. బండలు పరిచిన ప్రతి ఇంట్ల గీ మాట చెప్పే వస్త..."

మాట సగంలో ఆగిపోయింది. పక్కకు ఒరిగిన నిమ్మచెట్టును చూశాడు, దాని వేళ్ల కింద తెల్ల పొరను చూశాడు.

"పులుపుకు రాయి పడనప్పుడు, రాతిల పులుపు చెట్టెట్ల బతుకుతది?"

 సుగుణమ్మను ఒక నిమ్మకాయ తెమ్మని, కోసి, ఆ తెల్లపొడి మీద పిండాను. బుస్సుమని నురగ లేచింది. ముగ్గురం వంగి చూశాం. నురగ తగ్గిపోయాక కూడా ఆయన తలెత్తలేదు.

"అయితె నేనే సంపిన," అన్నాడు మెల్లగా.

 "నువ్వు సంపలే అన్నా. చెట్టు ఇంకా బతికే ఉన్నది, సూడు," అని వేరు చివర గోటితో గీకి లోపలి తెలుపు చూపించాను. "నీ చేతికేం దోషం లేదు. తప్పు జాగల రాయి వడ్డది, గంతే. గింత మట్టంగ మట్టి పరిచిన కుండీని నేను నా బతుకుల జూడలే."

అప్పుడు నవ్వాడు. సుగుణమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, నిమ్మరసం చిమ్మిందంది. నేను నమ్మినట్టే తలూపాను.

పొద్దంతా పని చేశాం. వేళ్లకంటిన తెల్లపొడిని నీళ్లతో కడిగి, కుళ్లిన వేళ్లను కత్తిరించాం. అడుగు రంధ్రం మీద ఒక కుండ పెంకు బోర్లించాం, నీళ్లు పోతాయి, మట్టి ఆగుతుంది. పొరలు లేవు, అడుగు నుంచి పైదాకా ఒకటే మిక్స్. ప్రకాశం అన్న స్టూలు మీద కూర్చుని ఇసుక, ఎరువు కలిపాడు. గచ్చు మాలు కలిపిన చెయ్యి, ఎక్కడా ఒక్క ఉండ కనబడలేదు. నింపడం కాగానే చెక్కముక్క అందుకుని కొట్టబోయాడు.

"దిమ్మిస పక్కన వెట్టు అన్నా! ఇది మనుషులు నడిచేది గాదు, వేర్లు పండుకునేది. నీళ్లు పోస్తె అదే కూసుంటది," అని కసిరాను. ఈసారి కోపం నిజంగానే వచ్చింది.

సున్నాన్ని ఓర్చుకునే చెట్లూ ఉన్నాయి. కుండీల్లోంచి తీసేసిన సున్నపు మట్టిని పొడిపొడిగా చేసి, బాగా ఎరువు కలిపి, నేను తెచ్చిన అంజీర మొక్కను అందులో పెట్టాను. ఈ చెట్టుకు నీ రాయంటే కోపం లేదని చెప్తే, ఆ కుండీని తనే జరిపి వరుస మొదట్లో పెట్టుకున్నాడు. మిగిలిన వాటిని కొన్నాళ్లు నీడలో ఉంచమని చెప్పి వచ్చేశాను.

గులాబీలు రెండు బతకలేదు. ఆ సంగతి విన్నప్పుడు నాకు గుబులు పుట్టింది, ఆయన మళ్లీ మంచం పట్టాడేమోనని. కానీ ఫోన్ చేసింది ఆయనే. వానలు పడి కోట్‌పల్లి చెరువు నిండుతున్న రోజులవి. "చెల్లె, నిమ్మకు కొత్త చిగురొచ్చింది. పచ్చగున్నది, ఈనె ఏదో ఆకు ఏదో తెలుస్తలేదు," అన్నాడు. వెనక నుంచి సుగుణమ్మ గొంతు, "చర్చికి టైమైతుంది, ఫోన్ పెట్టెయ్యి" అని అరుస్తోంది. ఆ అరుపు విని నేను ఎంత సంతోషపడ్డానో మాటల్లో చెప్పలేను.

కొన్నాళ్లకు ఇద్దరూ బస్సెక్కి నా నర్సరీకి వచ్చారు. వానకు నేలంతా బురద. నా కుండీలన్నీ ఆ బురదలోనే కూర్చున్నాయి, కింది రంధ్రాలు పూడుకుపోయి, కొన్నిటి వేళ్లు నేలలోకే దిగాయి. ప్రకాశం అన్న నడుం మీద చేతులు పెట్టుకుని అంతా కలియజూశాడు.

"నాకు నీళ్లు ఆగొద్దని చెప్పినవ్. నువ్వు చేసిందేంది? రాయి కుండీల ఉండొద్దు గని, కుండీ కింద ఉండాలె గద!"

ఆ వారమే తను పని నేర్పిన మేస్త్రీలను వెంటబెట్టుకుని వచ్చాడు. కుర్చీలో కూర్చుని, ఒక్క బండ కూడా ఎత్తకుండా, నర్సరీ పొడవునా నాపరాతి అరుగులు వేయించాడు. ఎంత వాన కురిసినా చుక్క నిలవకుండా ఒక పక్కకు వాటం పెట్టించాడు. అప్పటి నుంచి వానాకాలంలో నా దగ్గర కుళ్లిపోయే మొక్కలు చాలా తగ్గాయి. రోజూ పొద్దున ఆ అరుగుల మధ్య నడుస్తూ ఆ ఇద్దరినీ తలుచుకుంటాను.

ఆ తర్వాత నా పద్ధతి మారింది. ఎవరైనా పసుపాకు పట్టుకొస్తే, మందు పేరు చెప్పే ముందు, కుండీ నింపింది ఎవరు, వాళ్లు ఏం పని చేస్తారు అని అడుగుతాను. కొందరు వింతగా చూస్తారు. మనిషి బతుకంతా చేసిన పని కుండీలోకీ దిగుతుందని ఆ మిద్దె మీద తెలిసింది. ఆ పనిని తప్పు పట్టి పంపేయకుండా, దానికి తగిన జాగా ఏదో వెతకాలని కూడా అక్కడే నేర్చుకున్నాను.

మొన్న ఎండల్లో ప్రకాశం అన్న ఆ నిమ్మచెట్టు కాయలు సంచినిండా తెచ్చాడు. షర్బత్ చేద్దామని ఒకటి కోసి అరుగు మీద పెట్టబోయాను.

"బండ మీద పెట్టకు!" అని గట్టిగా కసిరాడు. నేను ఉలిక్కిపడేలోపే ఆ నిమ్మచెక్కను తన అరచేతిలోకి తీసుకున్నాడు.