న్యాల్‌కల్ నుంచి జవాబు రాలేదు

మా సార్ పోయి నెల దాటింది. ఆయన పోయారన్న కబురు సాయంత్రం నాలుగింటికి న్యాల్‌కల్ దవాఖాన నుంచి వచ్చింది. ఆయన ఏ దవాఖానాలోనూ లేరని ఆయన భార్యకు నేను చెప్పి అప్పటికి నాలుగు గంటలైంది. ఆయన గురించి రాసే అర్హత నాకుందో లేదో చదివాక మీరే తేల్చండి.

జహీరాబాద్‌లో కంప్యూటర్ నేర్చుకున్న మా వయసు వాళ్ళలో చాలామందికి ఆయనే గురువు. హాజరు పిలిస్తే ఇంటిపేరుతో సహా పిలిచేవారు. ఎవరైనా పలక్కపోతే వెంటనే ఆబ్సెంట్ వేసేవారు కాదు. కళ్ళజోడు పైకి నెట్టి బెంచీల వైపు చూసేవారు. "పలకకుంటే రాలేదనేనా? కునుకు తీస్తుండొచ్చు," అనేవారు. ఆ కునుకు తీసేది చాలాసార్లు నేనే.

రిటైరయ్యాక ఒక ట్రస్టు వాళ్ళు ఆయన్ని పిలిచారు. జహీరాబాద్, కోహీర్, న్యాల్‌కల్‌లలో వాళ్ళకు మూడు చిన్న దవాఖానాలున్నాయి. రోడ్డు మీద దెబ్బలు తగిలినవాళ్ళను దారినపోయేవాళ్ళు తెచ్చి ఏదో ఒక దాంట్లో చేర్చి పోతారు. పాపం, ఇంటివాళ్ళు మూడు ఊళ్ళూ తిరగాలి. ఒకచోట అడిగితే మూడుచోట్లా వెతికే ఏర్పాటు కావాలన్నారు. ఒక్కో దవాఖానాలో రెండు మూడు కంప్యూటర్లు జట్టుగా రోగుల వివరాలు దాచుకుంటాయి. ఆ జట్టునే క్లస్టర్ అంటాం. మూడు క్లస్టర్లనూ కలిపే పని సార్‌ది, జహీరాబాద్ దవాఖానాలో కూర్చుని ఆయన చెప్పింది టైప్ చేసే పని నాది.

అవతలి క్లస్టర్ చిరునామా ఇవతల రాయాలి, ఒకరినొకరు నమ్మడానికి తాళాల్లాంటి రహస్య సంకేతాలు మార్చుకోవాలి. మొదటి రోజు న్యాల్‌కల్ వాళ్ళు వెతికిన పేరు, అంటే వాళ్ళ ప్రశ్న, మా తెరమీద కనబడగానే నేను పని అయిపోయిందని చప్పట్లు కొట్టాను. సార్ సాసర్లో చాయ్ ఊదుకుంటూ నవ్వారు. "వాళ్ళు మన తానకి వచ్చిన్రు బిడ్డా. మనం వాళ్ళ తానకి పోయినమా? అటు తొవ్వ వేరే, ఇటు తొవ్వ వేరే. దేనిది అదే ఏసుకోవాలె."

అసలు చిక్కు తర్వాత వచ్చింది. న్యాల్‌కల్ లైను తరచూ పోయేది. అది పలక్కపోతే మొత్తం వెతుకులాటే ఆగిపోయేది. కౌంటర్ దగ్గర జనం నన్ను తిట్టేవారు. జవాబివ్వని క్లస్టర్‌ను వదిలేసి మిగతా వాటితో సరిపెట్టుకొనే సెట్టింగు ఒకటుంది. అది పెట్టమంటారా అని అడిగాను. సార్ కళ్ళజోడు పైకి నెట్టారు.

"పెట్టు. కానీ ఎవలు పలకలేదో తెరమీద రాయాలె. జవాబు రాలే అంటే రాలే అని చెప్పు, లేదు అని చెప్పకు. లేదు అనుడు శానా పెద్ద మాట."

సెట్టింగు ఆ పూటే పెట్టేశాను. తెరమీద ఆ ఒక్క వాక్యం రాయడం మాత్రం రేపు, ఎల్లుండి అంటూ వాయిదా వేశాను. రెండుసార్లు అడిగారు, అయిపోయిందని అబద్ధం చెప్పాను.

ఆ రోజు మధ్యాహ్నం అమ్మ, అంటే సార్ భార్య, ఫోన్ చేసింది. "పొద్దుగాల కోహీర్ పోత అని బండి తీసిండు బిడ్డా. ఫోన్ కలుస్తలేదు. జర మీ కంప్యూటర్ల చూడరాదు?"

చూశాను. సార్ పేరు కొట్టాను. పేరు తెలియనివాళ్ళు, మగ, అరవై దాటిన వయసు అని కూడా కొట్టాను. మొత్తం: సున్నా. "ఎక్కడా లేరమ్మా, ఫికర్ చెయ్యకండి," అన్నాను. ఆమె తమ్ముళ్ళను కోహీర్ రోడ్డంతా వెతకడానికి పంపింది.

సార్ అప్పుడు న్యాల్‌కల్ మంచం మీద ఉన్నారు. బండి జారి తలకు దెబ్బ తగిలింది. కోహీర్ అని బయల్దేరిన మనిషి అటువైపు ఎందుకు పోయారో ఎవరికీ తెలియదు. ఉద్యోగంలో కొత్తగా చేరిన నర్సు ఆయన్ని గుర్తుపట్టక "పేరు తెలియదు" అని నమోదు చేసింది. అక్కడి క్లస్టర్ చిరునామా రెండు రోజుల ముందే మారింది, నా దగ్గర పాతదే ఉంది. ఆ దారి తెగిందని నా తెర చెప్పలేదు. మూడింటికి ఆయన పోయారు, పక్కన ఇంటి మనిషి లేకుండా. ఆ తర్వాతే డ్యూటీకి వచ్చిన పాతవాళ్ళు ఆయన్ని గుర్తుపట్టారు.

పదకొండో రోజు అమ్మ దగ్గర కూర్చుని అంతా చెప్పాను. ఆమె కోప్పడలేదు. "నువ్వు లేడంటివి, నేను నమ్మితి," అంది. "ఆఖరికి ఎవలనన్న యాది చేసిండా? ఏమన్న తెలుస్తదా బిడ్డా?" అని అడిగింది.

నర్సుకు ఫోన్ చేశాను. ఆయనకు సోయి రాలేదని, ఒక్క మాట కూడా అనలేదని చెప్పింది. అయినా మనసొప్పక మా క్లస్టర్ చిట్టా తెరిచాను. బయటి నుంచి వచ్చే ప్రతి ప్రశ్నా అందులో నమోదవుతుంది. న్యాల్‌కల్ నుంచి మాకు దారి బాగానే ఉంది. నేను సార్ కోసం వెతికిన నిమిషంలోనే అక్కడి నుంచి ఒక ప్రశ్న వచ్చింది. హాజరు పిలిచినట్టు, ఇంటిపేరుతో సహా నా పేరు. నేను రోగిని కాను కదా, మా క్లస్టర్ ఇచ్చిన జవాబు: సున్నా.

మళ్ళీ నర్సుకు ఫోన్ చేసి, ఆ వేళ కంప్యూటర్ దగ్గర ఎవరున్నారని అడిగాను. "నేను ఆయన మంచం కాడనే ఉన్న మేడం. కంప్యూటర్ గదికి తాళం ఏసి చెవి నా తాననే పెట్టుకున్న. ఎవ్వరు పోలే," అంది. ఆమెకు నా పేరు కూడా తెలియదు.

ఆ ప్రశ్న మర్నాడూ అదే వేళకు వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. పదకొండు రోజులూ నా పేరే, పదకొండు రోజులూ సున్నానే. సార్ పరీక్ష కోసం తనంతట తానే అడిగే ప్రోగ్రాం ఏదైనా పెట్టి ఉంటారేమోనని న్యాల్‌కల్ పోయి వెతికాను. ఏమీ దొరకలేదు. పాత చిట్టాలు వెనక్కి తిప్పాను. ఆయన పడిపోయిన రోజుకు ముందు ఒక్కసారి కూడా లేదు. 

అమ్మకు ఇంకా చెప్పలేదు. ఆయన అడిగింది ఆమెను కాదు, నన్ను అని ఏ మొహంతో చెప్పను? ఇది అచ్చయ్యాక నేనే చదివి వినిపిస్తాను.

పన్నెండో రోజు పొద్దున తెరమీద రాయాల్సిన వాక్యం రాశాను. పది నిమిషాల పని. తర్వాత చెయ్యకూడని పని ఒకటి చేశాను. మా దవాఖాన రోగుల పట్టికలో కొత్త వరస తెరిచి నా పేరు ఎక్కించాను. పరిస్థితి అన్న గడిలో "ఇక్కడే ఉంది" అని రాశాను.

మధ్యాహ్నం అదే వేళకు ప్రశ్న వచ్చింది. మొత్తం: ఒకటి అని జవాబు పోయింది.

మర్నాడు రాలేదు. ఆ తర్వాత మరి రాలేదు. సార్ పోయిన రోజు కూడా ఏడవని నేను, ఆ ఖాళీ చూసి ఏడ్చాను.