ఆఖరాయన షరతు

మొన్నటి గుర్రప్పందెంలో చిట్టచివరన వచ్చిన గుర్రం పేరేమిటో చెప్పగలరా? చెప్పలేరు. గెలిచినదాని పేరు, దాని తండ్రి పేరు, దానిమీద కూర్చున్న జాకీ బరువుతో సహా గడగడా అప్పజెబుతారు గాని, ఆఖరుదాని సంగతెత్తితే ఎదురింట్లో ఉండీ పెళ్ళికి పిలవని చుట్టాన్ని చూసినట్టు మొహం పక్కకు తిప్పుకుంటారు. ఈ ప్రశ్నకు ఠక్కున జవాబివ్వగల మనిషి లోకంలో ఒక్కడే ఉన్నాడు. ఆయన్ని అందరూ ఆఖరాయన అంటారు. ఆయన గుణమైనా, లోపమైనా, కాలక్షేపమైనా ఒక్కటే. ఎక్కడ ఏ పోటీ జరిగినా "ఆఖరున వచ్చిందెవరు? ఇప్పుడెక్కడున్నారు?" అని అడగనిదే ఆయనకు ముద్ద దిగదు.

ఈ జబ్బు ఉద్యోగంలో అంటుకుంది. ఏ గుర్రం ముక్కు ముందు దాటిందో తేల్చడానికి గెలుపు గీత దగ్గర ఫొటో తీయడం ఆయన పని. మొదటి మూడూ దాటగానే జనం చీట్లు చించి గాల్లోకి విసిరి క్యాంటీను వైపు పరిగెడతారు. ఆఖరాయన మాత్రం చివరిది రొప్పుతూ వచ్చేదాకా కదిలేవాడు కాదు. అది దాటాక దానికీ ఒక ఫొటో తీసేవాడు. ఫిల్ము దండగ చేస్తున్నావని పైఅధికారి కేకలేస్తే, "అది ఇంకా పరిగెడుతోంటే పందెం అయిపోయిందని ఎలా చెప్పగలం సార్?" అన్నాడట. ఏ న్యాయస్థానంలో పెట్టినా ఆ వాదనను కొట్టివేయడం అంత సులభం కాదు.

రిటైరయ్యాక జబ్బు ముదిరింది. హోటలుకు వెళితే "ఎవరూ అడగనిది ఏముంది?" అని సర్వరును అడిగి అదే తెప్పించుకుంటాడు. దాన్ని ఎవరూ ఎందుకడగరో తిన్నాక ఆయనకూ అర్థమవుతుంది. అయినా మర్నాడు మళ్ళీ అదే. బంధువుల అమ్మాయి పాటల పోటీలో గెలిచిందని కబురొస్తే, అభినందన ఒక్క ముక్కలో ముగించి, ఆఖరున వచ్చిన పిల్ల ఇల్లు కనుక్కుని వెళ్ళి, ఆ పాట మళ్ళీ పాడించుకుని వచ్చాడు. గెలిచిన పిల్ల తల్లి ఇప్పటికీ వీళ్ళ గడప తొక్కదు. ఇక ఇంటి వెనక పొలంలో సోమరి, నిదానం, వెనక్కి అనే మూడు గుర్రాలు మేస్తుంటాయి. మూడోది ఒక పందెంలో గేటు తెరవగానే వచ్చినదారినే లాయానికి బయల్దేరిందట, అందుకా పేరు. అవెందుకున్నాయని ఎవరైనా అడిగితే, "తెలిసినవాళ్ళు" అంటాడు.

ఆయన భార్య ఇన్నిటినీ భరించింది గాని, దొరసాని విషయంలో మాత్రం ఓర్చుకోలేకపోయింది. ఆ ఇల్లాలు పేరుమోసిన గుర్రాల ట్రైనరు కూతురు. గుర్రం నాలుగడుగులు వేస్తే చాలు, ఏ కాలు ఎప్పుడు మొరాయిస్తుందో చెప్పగలదు. జీవితంలో ఆవిడ కోరింది ఒక్కటే. తన లాయంలో పుట్టిన గుర్రం పెద్దపందెం గెలవాలి, దాని కళ్లెం పట్టుకుని తాను జనం మధ్యనుంచి నడవాలి. దానికి ఆవిడకున్న ఆధారమల్లా దొరసాని. ఒకప్పుడు మైదానాన్ని ఏలి, ఇప్పుడు దాణా నాణ్యత మీద రోజూ అభ్యంతరాలు తెలుపుతున్న ఆడగుర్రం అది. అందులో భార్యాభర్తలకు చెరి సగం వాటా ఉంది కనుక, దాన్ని ఏ మగగుర్రంతో దాటించి చూలు కట్టించాలన్నా ఇద్దరి సంతకాలూ కావాలి. గత రెండు సీజన్లూ, ఏ మగగుర్రం పేరెత్తినా దాని పిల్లల్లో ఆఖరున వచ్చినవెక్కడున్నాయన్న ఆఖరాయన విచారణలోనే గడిచిపోయాయి.

ఈ ఏడు పశువుల డాక్టరు దొరసానిని పరీక్షించి, మొహమాటం లేకుండా చెప్పేశాడు. "అమ్మా, దీనికి వయసు మీరుతోంది. ఈసారి చూలు నిలిస్తే నిలిచినట్టు. ఇదే ఆఖరు."

ఆ మాట చెవిన పడగానే ఆయన పేపర్లోంచి తలెత్తాడు. "ఎవరు?"

మగగుర్రాన్ని ఎంచడంలో ఆవిడ పద్ధతి శాస్త్రీయం. దొరసాని ముందుకాళ్ళ మోకాళ్ళు కాస్త వెనక్కి వంగి ఉంటాయి, కనుక అదే లోపమున్న మగగుర్రం పనికిరాదు. మెరుపు అనే మొనగాడు అక్కడే కొట్టుకుపోయాడు. మరొకడి తాతా దొరసాని తాతా ఒక్కరేనని తేలి వాడూ పోయాడు. సొంత ముత్తాత పేరు అడిగితే నీళ్ళు నమిలే పెద్దలు గుర్రాల ముత్తాతల ముత్తాతలను కంఠతా పట్టి ఉండటం ఈ వృత్తిలో మామూలే. వడపోతలన్నీ అయ్యాక ఇద్దరు మిగిలారు: పెద్దమనిషి, తుపాకి.

పెద్దమనిషిని చూడబోయేసరికి వాడు నిలబడి నిద్రపోతున్నాడు. వాడి వీపుమీద రెండు పిచ్చుకలు కాపురానికి చోటు చూసుకుంటున్నాయి. యజమాని ఫొటోల ఆల్బం తెరవబోతే ఆఖరాయన సున్నితంగా మూసేశాడు. "ఇవి సరేనండీ. ఆఖరున వచ్చిన పిల్లలెక్కడున్నాయి?" ఆ యజమాని జన్మలో ఎవరూ అడగని ప్రశ్న అది. సంతోషంతో ఉక్కిరిబిక్కిరై ఒక్కొక్కదాని చిరునామా చెప్పాడు. ఒకటి బళ్ళో పిల్లలకు స్వారీ నేర్పుతోంది, ఒకటి గుడ్డిగుర్రానికి తోడుగా ఉంటోంది, ఒకటి తోటమాలి ఇంట్లో మనవడి హోదాలో పెరుగుతోంది. ఆఖరాయన తర్వాత అన్నిటినీ స్వయంగా చూసొచ్చి, అన్నీ సుఖంగా ఉన్నాయని ధ్రువీకరించాడు.

"మరి గెలిచినవో?" అని ఆవిడ అక్కడే యజమానిని అడిగింది.

యజమాని ఆల్బం చివరిదాకా తిరగేశాడు. "ఒకటుందమ్మా. ఆ రోజు మిగతావన్నీ జారిపడ్డాయి."

తుపాకి దగ్గర అంతా తలకిందులు. ఆవిడ వాడి భుజం, తొడల బిగువు, నడకలో ఆ సాగుదల చూసి వాడి చుట్టూ రెండుసార్లు తిరిగింది. తుపాకి, వెంట వచ్చిన ఆవిడ తమ్ముడి టోపీ అందుకుని, తీరిగ్గా నమిలి, రుచి నచ్చక ఊసేశాడు. టై కట్టుకున్న లాయం మేనేజరు అదంతా వంశలక్షణమని గర్వంగా వివరించాడు. తుపాకి పిల్లలు రెండే రకాలట. గేటు తెరవగానే దూసుకెళ్ళి మొదట వచ్చేవి ఒక రకం.

"రెండోది?" అన్నాడు ఆఖరాయన.

"కోపమొచ్చి గేటు దగ్గరే నిలబడిపోయేవి."

"అవెక్కడున్నాయి?"

"అమ్మేస్తామండీ."

"ఎవరికి?"

"కొన్నవాళ్ళకి." మేనేజరు నవ్వాడు. "ఆ తర్వాత సంగతి మాకెందుకు సార్?"

తిరుగుదారి పొడుగునా ఆఖరాయన "కొన్నవాళ్ళకి, కొన్నవాళ్ళకి" అని గొణుక్కున్నాడు. తుపాకి కథ ముగిసిందని ఆవిడకు అర్థమైంది. మర్నాడే ఆయన బావమరిదిని వెంటబెట్టుకుని ఎటో మాయమయ్యాడు. ఫోనుకు అందడు. ఇంతలో దొరసాని ఎదకొచ్చింది. డాక్టరు చూసి, రేపు దాటించాలి, ఎల్లుండి అంటే లాభం లేదని తేల్చేశాడు. ఆవిడ గుమ్మానికీ లాయానికీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరిగింది. ముప్పై ఏళ్ళ కల ఒక్క సంతకం దగ్గర ఆగిపోయింది, ఆ సంతకం ఏ ఊళ్ళో తిరుగుతోందో తెలియదు.

పొద్దువాలే వేళకు గుర్రాల వ్యాను వచ్చి ఆగింది. ముందు తమ్ముడు దిగాడు, చొక్కాకు ఒక చెయ్యి లేదు. తర్వాత ఆఖరాయన, ఆయన వెనక ఎముకలన్నీ బయటపడిన ఎర్రగుర్రం. నుదుటిమీద తుపాకికున్నలాంటి తెల్లచార చూడగానే ఆవిడ గుర్తుపట్టింది. తుపాకి కొడుకు.

తమ్ముడు కూలబడి చెప్పుకొచ్చాడు. ఎన్ని సంతలు తిరిగినా తుపాకి ఆఖరుపిల్లల్లో ఒక్కదాని ఆచూకీ దొరకలేదట. విసిగి వెనక్కొస్తుంటే దారిలో ఇటుకలబట్టీ మనిషొకడు, చొక్కా కొరికేసిందని బండికి కట్టిన గుర్రాన్ని తిట్టిపోస్తున్నాడట. "బావ ఆ తిట్లు విని వ్యాను ఆపించాడక్కా. తుపాకి రక్తమే అన్నాడు. నేను దగ్గరికెళ్ళి రుజువు చేసుకున్నాను."

ఆవిడ వెనక పొలానికి నడిచింది. ఆఖరాయన ఎర్రగుర్రం తోకలో చిక్కుకున్న ముళ్ళు ఒక్కొక్కటే తీస్తున్నాడు. సోమరి, నిదానం కొత్తమనిషిని వాసన చూస్తున్నాయి. వెనక్కి యథాప్రకారం అటు తిరిగి నిలబడింది.

ఆవిడ కంచె పట్టుకుని నిలబడింది. "ఏమండీ. రేపు గడిచిపోతే ఇక లేదు. మీకు పెద్దమనిషే కావాలంటే అలాగే కానివ్వండి, సంతకం పెట్టేస్తాను. పిల్లంటూ ఒకటి పుడుతుంది. గెలవకపోతే పోనీలెండి."

ఆ చివరి మాట అనడానికి ఆవిడకెంత కష్టమైందో ఆయనకు తెలుసు. ముల్లు తీయడం ఆపాడు.

"పెద్దమనిషి ఎందుకే?"

"వాడి పిల్లలన్నీ సుఖంగా ఉన్నాయని మీరేగా అన్నారు."

"అందుకే వద్దంటున్నాను. వాటికి మనమెందుకు? ఎక్కడికెళ్ళినా ఎవరో ఒకరు పిలిచి పెడతారు. ఈ తుపాకి పిల్లలకే అడిగే దిక్కు లేదు." ఎర్రగుర్రం ఆయన కాలరు పట్టుకుంది. ఆయన పట్టించుకోలేదు. "చూడు, నీకు మొదట వచ్చేది కావాలి. నాకు ఆఖరున వచ్చేది కావాలి. తుపాకికి ఈ రెండూ తప్ప మూడో రకం పుట్టదని వాళ్ళే చెప్పారు. మనిద్దరికీ కలిపి ఇంతకన్నా మంచి సంబంధం ఎక్కడ దొరుకుతుంది?"

ఆవిడకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. "ఈ ముక్క చెప్పడానికి రెండేళ్ళా? నా కలకు అడ్డం పడుతున్నారనుకున్నాను."

"ఓడితే ఎక్కడ తేలుతుందో తెలియకుండా పుట్టిస్తామా?"

ఆవిడ కాసేపు పొలమంతా కలియజూసింది. ఇన్నేళ్ళూ తెలిసినవాళ్ళని చెప్పి ఆయన పోగుచేసినవన్నీ తలలు వంచి మేస్తున్నాయి. "ఈ కంచె చాలదు. ఇంకాస్త అవతలికి జరిపించాలి," అంది.

మర్నాడు పొద్దున్నే, కబురందుకున్న తుపాకి మేనేజరు ఒప్పందపత్రం పట్టుకొచ్చాడు. పుట్టబోయే పిల్లలో సగం వాటా తుపాకి యజమానిదని అందులో రాసి ఉంది. ఆఖరాయన కళ్ళజోడు తుడుచుకుని, కింద తన చేత్తో రెండు షరతులు చేర్చాడు. పిల్ల ఆఖరున వచ్చిన రోజు ఆ సగం కూడా తమకే ఇచ్చేయాలి. తుపాకి సంతానంలో ఆఖరున వచ్చిన దేన్ని వదిలించుకోవాలన్నా ముందు తమ గుమ్మం ముందుకే రావాలి. మేనేజరు చదివి పడీపడీ నవ్వాడు. ఇంత తెలివితక్కువ షరతు తన సర్వీసులో చూడలేదంటూ, ఆఖరాయన మనసు మారుతుందేమోనని గబగబా సంతకం చేశాడు. న్యాయశాస్త్రంలో ఇంత సంతోషంగా ఓడిపోయిన పక్షం మరొకటి ఉండదు.

"బావా, ఒకవేళ మొదట వస్తే?" అన్నాడు బావమరిది, కొత్త టోపీని రెండు చేతులా పట్టుకుని.

"కళ్లెం మీ అక్క పట్టుకుంటుంది. నన్ను మాత్రం వెతక్కండి. ఆఖరుది వచ్చేదాకా నేను గీత దగ్గరే ఉంటాను."

అని, భార్య సంతకం పక్కన తన సంతకం కూడా గీకి, దొరసానిని తుపాకి దగ్గరకు తీసుకెళ్ళమని వ్యాను తలుపు తనే తెరిచాడు.