రెండేళ్ల మగజింక

వెస్ట్ వర్జీనియా కొండల్లో నేను అద్దెకు దిగిన ఇంటి యజమాని రాయ్ నన్ను వేటకు రమ్మన్నాడు. ఆయనకు డెబ్బై దాటాయి. నేను శాకాహారిని, వేటగాళ్లంటే చిన్నచూపు. అయినా కుతూహలం కొద్దీ వెళ్లాను.

అది వేట సీజన్‌లో చివరి సాయంత్రం. ఆ ఏడాది ఆయనకు ఒక్క జింకా దొరకలేదు. ఇంతలో పెద్ద కొమ్ముల మగజింక ఒకటి మా ఎదురుగా వచ్చి నిలబడింది. రాయ్ తుపాకీ ఎత్తాడు.

"షూట్ చేయండి రాయ్, వెళ్లిపోతుంది," అన్నాను, నాకే తెలియకుండా.

ఆయన తుపాకీ దించేశాడు. "కొమ్ములు కాదు, ఒళ్లు చూడు. సన్నటి మెడ, లోపలికున్న పొట్ట. రెండేళ్లుంటాయేమో. కుర్రాడు, ఎదగనీ."

"మరి చలికాలానికి మాంసం?"

"ఉండదు," అని నవ్వాడు.

జింక తాపీగా ఓక్ కాయలు తిని వెళ్లేదాకా ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. నా తొందరకు సిగ్గేసింది. కానీ అంత సంతోషం కలిగి చాలా కాలమైంది.

ఇంటికి రాగానే రాయ్ భార్యతో అన్నాడు: "తుపాకీ ఈ శాకాహారి చేతికిచ్చి ఉంటే ఇవాళ మనకు విందే."

ఆమె పగలబడి నవ్వుతూ మొక్కజొన్న రొట్టె, బీన్స్ వడ్డించింది. ఇన్నాళ్లూ చిన్నచూపు చూసిన మనుషుల బల్ల దగ్గర కూర్చుని, రెండోసారి అడిగి మరీ వేయించుకున్నాను.