ఎవరి పోలిక

మా సండే స్కూలు టీచరమ్మ పోయింది. ఆదివారం పిల్లలకు పాఠం చెప్పి, ఇంటికెళ్ళి నడుం వాల్చిందట, మళ్ళీ లేవలేదు. కబురు తెలిసేసరికి నేను మా అమ్మాయికి తల దువ్వుతున్నాను.

పటాన్‌చెరు పొలాల్లో ఫ్యాక్టరీ షెడ్లు లేస్తున్న రోజుల్లో, పని కోసం జోగిపేట నుంచి వచ్చాం. ఆ సంవత్సరమే అమ్మాయి పుట్టింది. మాట రాదని, బుద్ధి ఎదగదని డాక్టరు చెప్పడం తర్వాత సంగతి. ముఖం చూడగానే వాడకట్టు ఆడవాళ్ళకు అర్థమైపోయింది. పసిబిడ్డను చూడవచ్చినవాళ్ళు ముందుగా అడిగేది ఎవరి పోలిక అనే కదా. ఒక్కరూ అడగలేదు. చాయ తాగి, వానల సంగతి మాట్లాడి వెళ్ళిపోయారు. ఎవరైనా తిట్టినా అంత బాధపడేదాన్ని కాదు.

టీచరమ్మ సంగారెడ్డి బస్సు దిగి వచ్చి, బిడ్డను ఒళ్ళోకి తీసుకుంది.

"ఎవరి పోలికనే?"

నాకు ఏడుపు ఆగలేదు. "నాకేమెరుక టీచరమ్మా."

"నాకెరుకే. దేవుని పోలిక. ముక్కు మాత్రం నీ మొగనిది, ఏం జేస్తం!"

ఏడుస్తూనే నవ్వాను.

పిల్ల పెద్దదయ్యాక తన క్లాసులో కూర్చోబెట్టుకుంది. అందరినీ అడిగినట్టే దాన్నీ ప్రశ్న అడిగేది. అడిగి, ఆగేది. పిల్లలు కిసుక్కుమంటే, "నవ్వకుండ్రి. గామె దేవునికి జెప్తున్నది, మీకు గాదు" అనేది. చర్చి సంఘ పెద్దలు అదంతా చాదస్తమన్నారు.

ఒకసారి నేనే నోరు జారాను. "పరలోకంల గీ పెయ్యి, గీ వంకర కాళ్ళు ఉండయి గద టీచరమ్మా. ఉత్త ఆత్మనే. గప్పుడన్న మంచిగైతది."

ఆమెకు కోపమొచ్చింది. "దేవుడు మన్ను పిసికి జేసింది పెయ్యినే గద? దాన్ని ఇడిసిపెట్టి ఉత్త ఆత్మను ఏడికి తోల్తవ్? రేపు సమాధిల నుంచి లేచేది గీ బిడ్డనే. ఇంకోతి గాదు."

ఆ సాయంత్రం నీళ్ళు పోస్తుంటే, అమ్మాయి వంకర పాదాలు నాకు మొదటిసారి ముద్దొచ్చాయి.

టీచరమ్మ సమాధి దగ్గర అందరూ గుప్పెడు మన్ను వేశారు. సంఘ పెద్ద మా అమ్మాయిని దాటి వెళ్ళబోయి, ఆగాడు. "రా బిడ్డా, నువ్వు గూడ" అని చేతిలో మన్ను పెట్టాడు. అందరూ దాని వైపే చూస్తూ నిలబడ్డారు. అది వేయలేదు. పిడికిలి బిగించి రొమ్ముకు ఆనించుకుంది. ఎవరెంత బతిమాలినా విననే లేదు. బస్సులో ఇంటిదాకా, వేళ్ళ సందుల్లోంచి మన్ను ఒళ్ళో రాలుతూనే ఉంది, అది పిడికిలి ఇంకా బిగించింది.