కల్వర్టు దాకా వెనక్కి

ఆ ఆదివారం పొద్దున ఐదూ ఇరవైకి మా బావ మా గేటు గొళ్ళెం రెండుసార్లు కొట్టాడు. ప్రతి ఆదివారం అదే వేళకు, అలాగే కొట్టేవాడు. నేను బూట్లు కట్టుకుని వరండాలో సిద్ధంగా కూర్చున్నా, ఆ చప్పుడు వినేదాకా లేచేవాణ్ణి కాదు. ఆ రోజు గేటు తెరిచి చూస్తే ఆయన స్కూటరు దిగలేదు. సీటు మీద కూర్చునే చేయి చాపి కొట్టాడు. అంతకుముందు ఎప్పుడూ దిగి వచ్చి కొట్టేవాడు. అది నేను చూశాను. ఏమీ అనుకోలేదు.

బావ అంటే మా అక్క భర్త. సత్యవేడు దగ్గరి పల్లెలో సేద్యం చేసుకునే ఇంట పుట్టాడు. రేణిగుంటలో ఒక గోడౌనులో సూపర్వైజరుగా పనిచేసేవాడు. లారీల మధ్య రోజంతా నిలబడే పని. నాది తిరుపతిలో కాలేజీలో పాఠం చెప్పే ఉద్యోగం. మిగతా వేళల్లో చదువుకుంటూ కూర్చునేవాణ్ణి. నలభై ఆరో ఏట నాకు షుగరు ఉందని తెలిసింది. డాక్టరు రోజూ నడవమన్నాడు. ఆ మాట అక్కా వాళ్ళింట్లో చెబితే బావ నవ్వాడు.

"నడిసేది ముసిలోళ్ళు గదప్పా. నువ్వు పరిగెత్తు. ఆదివారం నాతో రా."

"నేను పరిగెత్తి ముప్పై ఏళ్ళయింది బావా."

"మొన్న యూనివర్సిటీ ఎనకాల చిరుత తిరిగిందంట. అది నీ ఎంట పడిందనుకో, ఎవురూ నేర్పించే పనే లేదు."

జూపార్కు రోడ్డులో ప్రతి ఆదివారం పొద్దున కొంతమంది కలిసి ఐదు కిలోమీటర్లు పరిగెత్తుతారు. పోటీ కాదు. బహుమతులు లేవు. ఒక హైస్కూల్లో పనిచేసి రిటైరైన డ్రిల్లు మాస్టరు స్టాప్‌వాచీ పట్టుకుని నిలబడతాడు. ఇంటి నుంచి కవర్లో ముగ్గుపిండి తెచ్చి రోడ్డు అంచున గీత గీస్తాడు. ఆ గీత దగ్గర మొదలుపెట్టి, చెర్లోపల్లి వైపు సగం దూరం పోయి, తిరిగి అదే గీతకు రావాలి. దాటిన ప్రతివాడి టైమూ ఆయన గట్టిగా అరిచి చెబుతాడు.

ఆయన పెట్టిన నియమం ఒకటుంది. ముందు వచ్చినవాళ్ళు నీళ్ళు తాగి, వెనకబడినవాళ్ళకు ఎదురు పోవాలి. గీతకు అర కిలోమీటరు ఇవతలే ఒక కల్వర్టు ఉంది. అక్కడ కలుసుకుని, పక్కనే పరిగెత్తుతూ గీత దాకా తీసుకురావాలి. ఆఖరివాడు వచ్చేదాకా ఆయన వాచీ ఆపడు.

"కడాకి వచ్చేవాడు ఒంటిగా రాకూడదప్పా," అనేవాడు. ఎందుకని ఎవరూ అడగలేదు.

మొదటి ఏడాదిన్నర ఆ కడాకి వచ్చేవాణ్ణి నేనే. నాకు ఎదురొచ్చేది బావ. ఆయన నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. తన పరుగు ముగించి, ముఖం కడుక్కుని, తీరుబడిగా కల్వర్టు గోడ మీద కూర్చుని ఉండేవాడు. నేను కనబడగానే లేచి పక్కన చేరేవాడు. ఇక అక్కడి నుంచి గీత దాకా మాట్లాడుతూనే ఉండేవాడు. నాకు జవాబు చెప్పే ఊపిరి ఉండేది కాదు. అది ఆయనకు బాగా అనుకూలంగా ఉండేది.

"ఏమి బామ్మర్దీ, పెండ్లి ఊరేగింపులో వస్తా ఉండావా? ఆ బర్రెను సూడు, అది గూడా నిన్ను సూసి జాలి పడతా ఉండాది."

పరుగులో నేను ఎదిగింది నిదానంగా. కొన్ని వారాలు బాగా సాగేది. వారంలో మూడు రోజులు కాలేజీ మైదానంలో ఒంటరిగా తిరిగేవాణ్ణి. అంతలో మోకాలు పట్టేసేది. కాలు బాగయ్యేసరికి వానలు. వానలు తగ్గాక పరీక్ష పేపర్లు దిద్దే పని. మళ్ళీ మొదటికొచ్చేవాణ్ణి. ఒకసారి పిక్కల్లో నొప్పి తగ్గక రెండు నెలలు మానేశాను. ఆ రెండు నెలలూ కూడా బావ ఆదివారం వచ్చి గొళ్ళెం కొట్టేవాడు. నన్ను స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని తీసుకుపోయి, కల్వర్టు గోడ మీద కూర్చోమనేవాడు. "కూసోను కాళ్ళు బాగానే ఉండాయి గదా," అనేవాడు.

ఐదు కిలోమీటర్లు అరగంటలోపు రావాలని నాకు ఒక కోరిక ఉండేది. చిన్న కోరిక. బయటికి చెప్పుకోలేదు. బావ మాత్రం కనిపెట్టాడు. ఒక ఆదివారం పరుగు అయ్యాక అక్కా వాళ్ళింట్లో రాగిజావ తాగుతున్నాం. బావ గ్లాసు కింద పెట్టి అన్నాడు:

"అరగంట సంగతి తరవాత సూద్దాం. ముందర నువ్వు ఒక్కసారన్నా నాకంటే ముందు గీత దాటు. ఆ పొద్దు నేను నడిసి కొండెక్కి గుండు కొట్టించుకుంటా."

అక్క వంటింట్లోంచి వచ్చింది. "దేవుడి మాట ఎగతాళికి అనకూడదు. అన్నావు గాబట్టి ఇచ్చేయాల్సిందే. రేపు మళ్ళీ తమాషాకన్నాననేవు."

"వీడు గెలిసేది యాడ, నేను ఇచ్చేది యాడ?"

"మొక్కంటే మొక్కే."

కొండ కింద ఊళ్ళో ఉండేవాళ్ళం కాబట్టి మాకు మొక్కులు కొత్త కాదు. పరీక్షకు మొక్కుతారు, బదిలీకి మొక్కుతారు, తప్పిపోయిన ఆవు దొరికితే మొక్కు చెల్లిస్తారు. పరుగుకు మొక్కినవాణ్ణి నేను బావనొక్కణ్ణే చూశాను.

ఆ తర్వాతి వేసవి నుంచి మా ఇద్దరి మధ్య దూరం తగ్గసాగింది. మొదట ఆయన నాకంటే బాగా ముందుండేవాడు. తర్వాత నేను తిరిగి వచ్చే దారిలో ఆయన వీపు కనబడేది. తర్వాత కల్వర్టు దగ్గర ఆయన కూర్చుని ఉండటం మానేసి, అప్పుడే వచ్చి నిలబడి ఉండేవాడు. నాకు ఉత్సాహం వచ్చింది. పొద్దున్నే ఇంకా ముందు లేచాను. అన్నం తగ్గించాను. డ్రిల్లు మాస్టరు నా టైము అరిచి చెప్పాక, "బాగా పెరుగుతా ఉండావప్పా," అనేవాడు. బావ టైము చెప్పాక, "ఏమబ్బా, రాత్రి మాంసం ఎక్కువ తింటివా?" అనేవాడు. బావ పొట్ట తట్టుకుని చూపించేవాడు. అందరం నవ్వేవాళ్ళం. గోడౌనులో పని పెరిగిందని అక్క అనుకుంది. ఎండ అని నేను అనుకున్నాను. తనకు వయసొచ్చిందని ఆయన అనుకున్నాడు.

స్కూటరు దిగకుండా గొళ్ళెం కొట్టిన ఆదివారం నేను ఆయన్ని దాటాను. తిరుగు దారిలో, కల్వర్టుకు ముందున్న చిన్న ఎత్తులో ఆయన నడుస్తున్నాడు. పక్కకు రాగానే "పో, పో," అని చేత్తో తోశాడు. గీత దాటాను. నా టైము అరగంటకు ఇంకా కొంచెం పైనే ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు. మాస్టరు, "గుండు! గుండు!" అని అరిచాడు. మొక్కు సంగతి బావే అందరికీ ముందే చెప్పుకున్నాడు.

నేను నీళ్ళు తాగి, మొదటిసారిగా, ఆయనకు ఎదురు వెళ్ళాను. కల్వర్టు దగ్గర కలిశాడు. ముఖం తెల్లగా ఉంది. నవ్వుతున్నాడు.

"నాకు ఎదురొచ్చేంత మొగోడివైపోయినావే బామ్మర్దీ."

ఆయన సంతోషం నిజమైనదే. దాని విషయంలో నాకు ఇప్పటికీ అనుమానం లేదు.

మరుసటి శనివారం ఇద్దరం అలిపిరి దగ్గర చెప్పులు విడిచి మెట్లెక్కడం మొదలుపెట్టాం. బావకు అది ఎరిగిన దారి. గాలిగోపురం దాకా ఎక్కడా కూర్చునేవాడు కాదు. ఆ రోజు మొదటి మండపంలోనే కూర్చున్నాడు. లేచి కొంచెం ఎక్కి మళ్ళీ కూర్చున్నాడు. మా కింది నుంచి ఒకామె మెట్టు మెట్టుకూ వంగి పసుపూ కుంకుమా పెడుతూ వస్తోంది. ఒక మెట్టు కూడా విడిచిపెట్టడం లేదు. ఆమె మా దగ్గరికి వచ్చింది, మేము కూర్చున్న మెట్టుకు బొట్టు పెట్టింది, మమ్మల్ని దాటింది. కాసేపటికి మలుపు తిరిగి కనబడకుండా పోయింది.

నాకు అప్పుడు తెలిసింది. ఏమిటన్నది కాదు. ఏదో ఉందని.

"బావా, దిగిపోదాం."

"ఆయమ్మ బొట్లు పెట్టుకుంటా నన్ను దాటేసింది సూసినావా? రేపు ఆదివారానికి పిలుసుకొని రా. నీకు మొగుడొచ్చినట్టే."

"బావా, నేను తమాషాకు చెప్పడం లేదు."

"మొక్కు సగంలో ఇడిసిపెట్టి పోతే మీ అక్క ఇంట్లోకి రానిస్తాదా? కూసో. పోదాం నిదానంగా."

సాయంత్రానికి పైకి చేరాం. కల్యాణకట్టలో ఆయన తల వంచి కూర్చుంటే, మెడ వెనక చర్మం మీద గుండుసూది తలలంత ఎర్రటి చుక్కలు కనిపించాయి. దిగడానికి బస్సెక్కాం. ఆయన నా భుజం మీద నిద్రపోయాడు.

ఆ వారమే రక్తం పరీక్ష చేయించాం. ఆ తర్వాత రాయవేలూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. రక్తంలో జబ్బు అన్నారు. ఎప్పటి నుంచి ఆయాసంగా ఉందని డాక్టరు అడిగింది. అక్క ఆలోచిస్తోంది. నాకు ఆలోచించే అవసరం లేకపోయింది. వేసవి నుంచి అని చెప్పాను. ప్రతి ఆదివారం ఆ గీత దగ్గర నిలబడి, మాస్టరు అరిచే టైముల్లో మేమందరం దాన్ని విన్నాం. ఆయన వెనకబడిన వారాలూ నేను ముందుకొచ్చిన వారాలూ ఒకటే. నేను పెరిగింది కొంత నిజం. మిగతాది ఆయన తగ్గడం.

మందులు ఎక్కించాక, అప్పుడప్పుడే మొలుస్తున్న జుట్టు మళ్ళీ పోయింది. వేలూరు వార్డులో మిగతావాళ్ళు టోపీలు పెట్టుకునేవారు. బావకు టోపీ కొనివ్వబోతే వద్దన్నాడు. "మన ఊర్లో దీనికి టోపీ యాల?" అన్నాడు. అది నిజమే. తిరుపతిలో గుండు చూసి ఎవరూ ఏమీ అనుకోరు. బజారుకు పోతే పూలమ్మే ఆమె, "దర్శనం బాగా అయిందా అన్నా?" అని అడిగేది. "బ్రహ్మాండంగా అయిందమ్మా," అనేవాడు. అన్ని నెలల్లో మా ఊళ్ళో జబ్బు మనిషిగా ఆయన్ని ఎవరూ చూడలేదు. ఆయనకు అది చాలా నచ్చింది.

ఆయన కోరుకున్నది ఒకటే. మళ్ళీ ఆదివారం వచ్చి గీత దాటాలి. పరుగు అక్కర్లేదు, నడిచైనా సరే. మందుకూ మందుకూ మధ్య కొంచెం బాగున్నప్పుడు డాక్టరు నడవచ్చంది. దూరం మాత్రం వద్దంది. రెండుసార్లు వచ్చాడు. మొదటిసారి గీత దగ్గర మొదలుపెట్టి, కల్వర్టు దాకా కూడా పోలేక అక్క స్కూటరు మీద ఇంటికి వెళ్ళిపోయాడు.

రెండోసారి అక్కతో నేరుగా కల్వర్టు దగ్గర దించమన్నాడు. అందరూ పరిగెత్తి వచ్చేదాకా ఆ గోడ మీద, నా కోసం కూర్చునే చోటే కూర్చున్నాడు. నేను గీత దాటి, నీళ్ళు తాగి, వెనక్కి వెళ్ళాను. లేచాడు. నా ముంజేయి పట్టుకున్నాడు. అర కిలోమీటరు నడవడానికి చాలాసేపు పట్టింది. ఈసారి మాట్లాడే ఊపిరి ఆయనకు లేదు. నేను మాట్లాడాలని అనుకున్నాను. ఆయన నాకు చెప్పిన మాటల్లో ఒక్కటీ నా నోటికి రాలేదు. చివరికి, "ఏం బావా, పెండ్లి ఊరేగింపులో వస్తా ఉండావా?" అన్నాను. ఆయన నవ్వి, నవ్వితే ఆయాసం వచ్చి ఆగాడు. మళ్ళీ నడిచాడు.

మిగతావాళ్ళు ఇళ్ళకు వెళ్ళిపోలేదు. ముగ్గుపిండి గీత పాదాలకు చెరిగిపోయి ఉంటే మాస్టరు మళ్ళీ గీశాడు. బావ దాన్ని దాటి అడిగాడు:

"వాచీ ఆపేసినావా మాస్టరూ?"

"నువ్వు రాకుండా యాడ ఆపేదప్పా?" అని మాస్టరు అప్పుడు ఆపాడు. టైము గట్టిగా అరిచి చెప్పాడు. గంటకు పైగా అయింది. బావ ఆ అంకెను ఒకసారి తనలో అనుకుని, నా వైపు తిరిగి, "ఇంకా తగ్గించల్ల," అన్నాడు.

మళ్ళీ రాలేదు. ఆ తర్వాతి విడత మందులకు జ్వరం వచ్చింది. తగ్గలేదు. వేలూరు నుంచి తీసుకొచ్చేటప్పుడు అంబులెన్సులో అక్క ఆయన తల మీద చేయి వేసి కూర్చుంది. జుట్టు మళ్ళీ కొంచెం మొలిచిందని నాతో అంది.

దుఃఖం గురించి నేను చాలా చదివాను. చదివినవి ఏవీ ఆదివారం పొద్దున ఐదూ ఇరవైకి ఉపయోగపడలేదు. బూట్లు కట్టుకుని వరండాలో కూర్చునేవాణ్ణి. వేళ దాటాక విప్పేసేవాణ్ణి. కొన్ని వారాలు అలా జరిగింది. ఆ తర్వాత ఒక ఆదివారం అక్క ఫోన్ చేసి, "పొయినావా?" అని అడిగింది. లేదన్నాను. "పో," అంది. పోయాను.

పోయిన చలికాలంలో అరగంటలోపు వచ్చాను. మాస్టరు నా టైము అరిచాడు. తర్వాత ముగ్గుపిండి కవరు మడత పెట్టుకున్నాడు. నేను నీళ్ళు తాగి, అలవాటుగా వెనక్కి తిరిగి కల్వర్టు దాకా పరిగెత్తాను. వెనకబడినవాళ్ళు ఇంకా ఎవరూ రాలేదు. గోడ ఖాళీగా ఉంది. కాసేపు నిలబడి, నడిచి వచ్చేశాను.

వెనకబడినవాళ్ళకు ఇప్పుడు వేరేవాళ్ళు ఎదురు పోతున్నారు. మాస్టరు నన్ను ఏమీ అనడు. నేను ప్రతి ఆదివారం పోతాను, పరిగెత్తుతాను. గీత దాటాక వెనక్కి వెళ్ళడం లేదు.