దొరల విందుకు రిహార్సలు

1957 ఫిబ్రవరి 10, ఆదివారం, బేతంచెర్ల. మధ్యాహ్నం పన్నెండున్నర.

హాజరైనవారు: మా యజమాని, ఆయన బావమరిది, మద్రాసులో లా చదువుతున్న కొత్త అల్లుడు, వంట చేసిన ముసలి సాయిబు, గుమాస్తాగా నేను.

ఆనాటి డైరీలో మొదటి పంక్తులు ఇవే. గనిలో కూలీల హాజరు రాసీ రాసీ, భోజనానికి కూడా హాజరు రాసే అలవాటు పడింది నాకు.

మా యజమానికి ఊరి చుట్టూ మూడు బండల గనులు ఉండేవి. బండలకు చేత్తో నునుపు పట్టించడం మాని జర్మనీ యంత్రం పెట్టాలని ఆయన కోరిక. ఆ యంత్రాలు అమ్మే కంపెనీ బొంబాయిలో ఉంది. దాని తరఫున ఇద్దరు జర్మనులు శుక్రవారం గని చూడటానికి వస్తున్నారు. స్టేషను రోడ్డులో కొత్తగా కట్టిన గెస్టు హౌసులో వాళ్లకు వాళ్ల దేశపు భోజనమే పెట్టాలని ఆయన పట్టుబట్టాడు.

ఆ వంట తెలిసిన మనిషి డోన్‌లో ఉన్నాడని చెప్పింది నేనే. అరవై దాటిన సాయిబు. బొంబాయిలో జర్మను వర్తకుల మెస్సులో పదకొండేళ్లు బట్లరుగా చేశాడు. 1939లో యుద్ధం మొదలుకాగానే పోలీసులు వచ్చి శత్రుదేశస్తులని దొరలను పట్టుకుపోయారు. మెస్సు మూతపడింది. అప్పటినుంచీ డోన్‌లో కూతురి ఇంటి వసారాలోనే ఆయన కాపురం. ఆయనా, ఆయన భార్యా వసారాకు అడ్డంగా దుప్పటి కట్టుకొని పడుకునేవారు. సాయిబు అల్లుడు పొద్దున్నే లేచి ముందుగా ఆ దుప్పటిని లాగి పడేసేవాడట.

విందు బాగా జరిగితే గెస్టు హౌసులో శాశ్వతంగా ఆయనే వంటవాడని, వెనక ఉన్న గది ఆయనదేనని యజమాని మాట ఇచ్చాడు. ముసలాయనకు జీతం సంగతి అంతగా పట్టలేదు. గది సంగతే రోజూ అడిగేవాడు.

"నాయనా, ఆ గది తలుపుకు లోపల గడియ ఉండాదా?"

"లేదు సాయిబూ. బయట తాళమే."

"పెట్టుకుంటాలే. మా ముసల్దానికి గడియేసుకొని పండుకోవాలని శానా ఆశ."

విందుకు పదిహేను రోజుల ముందే వచ్చి పని మొదలుపెట్టాడు. బెంగుళూరునుంచి రైల్లో తెప్పించిన క్యాబేజీని దారాల్లా తరిగి, ఉప్పు కలిపి, ఊరగాయ జాడీల్లో కుక్కి, పైన బరువుకు మా గనిలో విరిగిన బండముక్కలు పెట్టాడు. ఒక చిన్న జాడీ రిహార్సలుకు, పెద్దది దొరలకు. డోన్ స్టేషను హోటలునుంచి సిర్కా, అంటే వెనిగరు, సీసా తెచ్చి, పొట్టేలు తొడమాంసాన్ని మూడు రోజులు అందులో నానబెట్టాడు. దొరలు తినే మాంసం వేరు. అది మా యజమాని ఇంట్లోకి రాదు. ఉడికించిన బంగాళాదుంపలను మెదిపి నిమ్మకాయలంత ఉండలు చేసి మళ్లీ ఉడికించేవాడు.

పని చేస్తూ బొంబాయి చెప్పేవాడు. సముద్రం వైపు కిటికీలున్న హాలు, గంజిపెట్టిన తెల్లగుడ్డలు, ఆదివారం వచ్చే పారసీలు, ఇటలీ వాళ్లు, ఓడల కెప్టెన్లు. నలభై మంది తింటున్నా పళ్లెం చప్పుడు వినపడకూడదట. "చెంచా మోగిందంటే ఆ దినం నాకు అన్నం లేదు" అని నవ్వేవాడు.

బల్లమీద పెట్టడానికి ఆయన దగ్గర ఆరు జతల కత్తులు, ముళ్ల చెంచాలు ఉండేవి. పచ్చ గుడ్డలో చుట్టి తెచ్చాడు. పోలీసులు వచ్చిన రోజు మెస్సు పెద్ద వాటిని ఆయనకు ఇచ్చేసి, ఇంగ్లీషులో ఒక కాగితం రాసిచ్చాడు. పదకొండేళ్ల సేవకు బహుమతిగా ఇచ్చామని అందులో ఉంది. ఆయనకు చదువు రాదు. నేను చదివి తెలుగులో చెప్పాను.

"నా కాడుంటే చెదలు తింటాయి నాయనా. మీ కాడ పెట్టండి" అన్నాడు.

నీలం ఫైలులో పెట్టాను. నాలుగో తేదీ పేజీలో దాని నకలు రాసుకున్నాను.

రిహార్సలు ఆలోచన బావమరిదిది. ఆయనకు నాటకాల పిచ్చి. "నాటకానికి వేస్తాం గదా బావా, దీనికీ వేద్దాం. సాయిబు దొర. నువ్వు నువ్వే."

యజమానికి నచ్చింది. గెస్టు హౌసు హాల్లో ముసలాయనను బల్ల మొదట్లో కుర్చీలో కూర్చోమన్నాడు. ఆయన కూర్చోలేదు. మూడోసారి గట్టిగా చెబితే అంచున కూర్చున్నాడు.

"దొర ఎట్ల చేస్తాడో అట్లే చెయ్యి సాయిబూ. నేను తప్పు చేస్తే అప్పుడే చెప్పల్ల. మొగమాటం వద్దు."

"అట్లే అయ్యా."

మద్యనిషేధం రోజులు. బీరుకు బదులు సోడాలో టీ డికాక్షను పోశాం. గనినుంచి పిలిపించిన ఇద్దరు కూలీలు వడ్డించారు. సూపు వచ్చేసరికి ముసలాయన వీపు నిటారైంది. గుడ్డ మోకాళ్లమీద పరచుకున్నాడు. గొంతు కూడా మారింది.

"సూపు జుర్రగూడదు." యజమాని జుర్రడం మానాడు.

"కత్తి కుడిచేత్తో." యజమాని చేయి మార్చాడు.

మాంసం నిజంగా బాగుంది. పుల్లగా, మెత్తగా. అల్లుడు రెండోసారి పెట్టించుకున్నాడు. యజమాని మోచెయ్యి బల్లమీద ఆనించి, నోటినిండా పెట్టుకొని గని సంగతులు చెబుతూ, కత్తికి అంటిన పులుసు నాకాడు. ముసలాయన రెండు వేళ్లతో ఆయన మణికట్టు పట్టుకొని, కత్తిని పళ్లెంలోకి దించాడు.

"కత్తి నాకేటోడు మా బల్ల కాడ కూర్చోడు. నోట్లో పెట్టుకొని మాట్లాడేటోడు అసలే కూర్చోడు."

అది బొంబాయి దొర మాట. ఆయన తు.చ. తప్పకుండా అప్పజెప్పాడు.

అల్లుడికి తాగుతున్నది ముక్కులోంచి వచ్చింది. "మామా! మద్రాసులో కూడా ఇంత గట్టిగా ఎవ్వురూ చెప్పరు!" అని బల్ల గుద్ది నవ్వాడు.

యజమాని కూడా నవ్వాడు. పెళ్లయి రెండు నెలలు కాని అల్లుడి ముందు ఆయన నవ్విన నవ్వు అది. చేతిలోని ముళ్ల చెంచాను తిప్పి చూశాడు.

"ఇవి శానా బాగుండాయి సాయిబూ. యాడివి?"

"నావే అయ్యా. మెస్సు మూసేటప్పుడు దొర ఇచ్చినాడు."

"ఇచ్చినాడా?"

బావమరిది అందుకున్నాడు. "పోలీసోళ్లు రెక్కలు పట్టుకొని ఈడ్చకపోతాంటే, ఆగండప్పా, మా సాయిబుకు చెంచాలిచ్చి వస్తా అన్న్యాడా?"

అందరూ నవ్వారు. ఇంకా నాటకమే అనుకొని ముసలాయన కూడా నవ్వాడు.

"వెనక అక్షరాలు చెక్కినారే. నీ పేరా?" అన్నాడు యజమాని.

"మెస్సు పేరు అయ్యా."

"మెస్సు పేరుండే సొత్తు నీదెట్లయితాది?"

ముసలాయన లేవబోయాడు. బావమరిది భుజం పట్టి కుర్చీలోకి నొక్కాడు. "దొరలు నడుమ లెయ్యరు. తిను దొరా." తనే ఒక బంగాళాదుంప ఉండను గుచ్చి ఆయన నోటికి అందించాడు. ముసలాయన నోట్లో పెట్టుకోక తప్పలేదు. ఏదో చెప్పబోతే మాట స్పష్టంగా రాలేదు.

"నోట్లో పెట్టుకొని మాట్లాడొద్దంటివే?" అన్నాడు యజమాని.

మింగేదాకా మేమందరం ఆయన గొంతు చూస్తూ కూర్చున్నాం. ఆ ఉండ గబుక్కున దిగలేదు.

"కాగితం ఉండాది అయ్యా. గుమాస్తా నాయన కాడ పెట్టినా."

యజమాని నావైపు చూశాడు. గుడ్డను నాలుగు మడతలు పెడుతున్నాడు. "ఉండాదా అప్పా?"

ఆయన కింద నాలుగేళ్లుగా పని చేస్తున్నాను. ఏ గొంతుతో అడిగితే ఏ జవాబు కావాలో నాకు తెలుసు.

"నేను చూడలేదండీ" అన్నాను.

ముసలాయనకు కోపం రాలేదు. నేను మరిచిపోయాననుకున్నాడు. గుర్తు చేశాడు. "సోమవారం నాయనా. మీరే చదివి చెప్పిరి. నీలం ఫైలులో పెట్టిరి గదా."

"కాగితాలు శానా వస్తాంటాయి సాయిబూ" అన్నాను.

యజమాని గొంతు పెంచలేదు. "పోలీస్ స్టేషను ఎంతో దూరం లేదు. ముసలోనివి, నేను ఆ పని చెయ్యను. దొంగసొమ్ము ఈడ పెట్టి ఊరికి పో."

"చెంచాలు మీరే పెట్టుకోండి అయ్యా. నాకొద్దు. ఆ గది మాత్రం... రేప్పొద్దున బండికి మా ఆడమనిషిని రమ్మని చెప్పి పంపినా."

"దొరకు ఈ ఊర్లో గది ఏం సరిపోతాది?" అన్నాడు బావమరిది. "బొంబాయిలో చూసుకో."

శుక్రవారం వంట ఎవరు చేస్తారని అల్లుడు అడిగాడు. రాజధాని హైదరాబాదుకు పోయాక మంత్రులకు వండినవాళ్లు కర్నూల్లో ఊరికే కూర్చొని ఉన్నారని, కబురు పెడితే వస్తారని యజమాని చెప్పాడు. ఆ మాట చెబుతూ మూడోసారి క్యాబేజీ వేయించుకున్నాడు. ముసలాయన లేచి, అలవాటు కొద్దీ తన పళ్లెం తానే తీసి, కత్తిని, ముళ్ల చెంచాను పక్కపక్కన పెట్టి వంటింట్లోకి వెళ్లాడు. మిగతావి నేను కడిగించి బీరువాలో పెట్టాను.

ఆ సాయంత్రం డైరీలో వంటకాలన్నీ వరసగా రాశాను. చివర ఒక పంక్తి: "కాగితం గురించి అడిగారు. చూడలేదని చెప్పాను." ఆ కాగితం నకలు అదే పుస్తకంలో ఆరు పేజీల వెనక, నా దస్తూరీలోనే ఉంది. ఇప్పటికీ ఉంది.

మరునాడు ఉదయం బండలు ఎక్కించే వ్యాగన్ల పనిమీద స్టేషనుకు వెళ్లాను. డోన్ బండి దిగింది సాయిబు భార్య. ఒక ట్రంకుపెట్టె, ఒక బొగ్గుల కుంపటి. ముసలాయన ఎదురెళ్లి ఏదో చెప్పాడు. ఆవిడ ట్రంకుపెట్టె కింద పెట్టలేదు. అలాగే మోస్తూ విన్నది.

నన్ను చూసి ముసలాయన నా దగ్గరికి వచ్చాడు. తప్పించుకోవడానికి వీలు లేకపోయింది.

"కాగితం దొరికితే పంపండి నాయనా."

"దేవులాడతా."

"దొరుకుతాది. మీరు జాగ్రత్త మనిషి. మీ కాడ పెట్టింది యాడికీ పోదు." రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి వచ్చాడు. "ఆ పెద్ద జాడీ మూత శుక్రవారం దాకా తియ్యొద్దని చెప్పండి. ముందు తీస్తే చెడిపోతాది."

తిరుగు బండికోసం ఇద్దరూ వేపచెట్టు కింద ట్రంకుపెట్టెమీద కూర్చున్నారు.

నేను ఆఫీసుకు వచ్చేసరికి యజమాని పేపరు చదువుతున్నాడు. తల ఎత్తకుండా తాళంచెవి నావైపు తోశాడు. "ఆ గదిలో నువ్వుండప్పా. అద్దె ఇల్లెందుకు?"

రెండు చేతులతో తీసుకున్నాను. ముందు కాసేపు రిజిష్టరు పని చూసుకొని, పది గంటలకు వెళ్లి తెరిచాను. సున్నం వాసన ఇంకా పోలేదు. తలుపుకు లోపల కొత్త గడియ బిగించి ఉంది. సాయిబు దానికి నూనె కూడా రాశాడు. వేసి చూశాను. చప్పుడు కాలేదు.